సైనిక విద్యార్థులకు ఇంగ్లీషు: స్కోరు వస్తోంది, నోరు మాత్రం పెగలడం లేదు

కొత్తపలక:

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎక్కువగా ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ గొడవలే నడుస్తాయి కాబట్టి నా ప్రశ్న కాస్త వింతగా అనిపించవచ్చు. ఓపిగ్గా చదవండి.

పన్నెండేళ్లు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను. నాలుగు నెలల కిందట గల్ఫ్‌లో ఒక దేశపు సైన్యం నడిపే భాషా కేంద్రంలో చేరాను. (పేర్లు అడక్కండి, ఉద్యోగం ఉండాలి.) అమెరికాలో శిక్షణకు వెళ్లబోయేవాళ్లను ఆర్నెల్లలో ఇంగ్లీషుకు సిద్ధం చేసి పంపడం మా పని. నా క్లాసులో పద్నాలుగు మంది. ఇద్దరు పైలట్ శిక్షణకు, ఐదుగురు విమానాల మెయింటెనెన్స్‌కు, ఒక మేజర్ స్టాఫ్ కాలేజీకి (ఆయన స్థాయి ఆఫీసర్ల పైచదువు), మిగిలినవాళ్లు సప్లై, సిగ్నల్స్ కోర్సులకు వెళ్తారు. ఇరవై ఏళ్ల కుర్రాడి నుంచి నలభై దాటిన సార్జెంటు దాకా అందరూ ఒకే గదిలో.

పుస్తకాలు అమెరికన్ లాంగ్వేజ్ కోర్సువి, అంటే విదేశీ సైనికుల కోసం అమెరికా రక్షణ శాఖ తయారుచేసినవి. మొత్తం 34 పుస్తకాలు, ఆరు స్థాయిలు. వారానికో పుస్తకం చొప్పున పరుగు. చివర్లో ఈసీఎల్ (ఇంగ్లీష్ కాంప్రహెన్షన్ లెవెల్) పరీక్ష, వందకు. మా వాళ్లలో ఎక్కువమందికి 70 చాలు, పైలట్లకు 80 కావాలన్నారు. నమూనా పరీక్షల్లో మార్కులు బాగానే వస్తున్నాయి. మా ఇన్‌ఛార్జి సంతోషంగా ఉన్నాడు. నాకే నిద్ర పట్టడం లేదు.

ఎందుకంటే, పోయిన బ్యాచ్‌లో 83 తెచ్చుకున్న ఒక కుర్రాడు అక్కడికి వెళ్లిన ఏడో వారంలో వెనక్కి వచ్చేశాడు. వాడి ఫైలులో రాసిన మాట చూశాను: అర్థం కాకపోయినా అడగడు. నా ముందున్నవాళ్లలో పదిమంది అచ్చం అలాగే ఉన్నారు. "అర్థమైందా?" అంటే చాలు, గోడలు అదిరేలా "యస్ సర్!" అంటారు. తరవాత చూస్తే నేను చెప్పిందాంట్లో సగం కూడా చేసి ఉండరు.

వీళ్ల చేత ఈ "యస్ సర్" ఎలా మాన్పించాలి? పుస్తకాలు కాక ఇంకేం నేర్పాలి? ఇన్‌ఛార్జి ఏమో రోజూ నమూనా పరీక్షలు పెట్టమంటున్నాడు. ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

మూడోబెంచి:

సర్, ఇంగ్లీషు సినిమాలు సబ్‌టైటిల్స్ పెట్టి చూపించండి. ఆప్‌లో రోజుకో పదం. వార్ మూవీస్ అయితే వాళ్లకు ఇంట్రెస్ట్ కూడా ఉంటుంది.

పాతచాక్‌పీసు:

మూడోబెంచి బాబూ, కోప్పడకు. యుద్ధం సినిమాల్లో నేర్చుకున్న ఇంగ్లీషుతో ఇన్‌స్ట్రక్టర్ ముందు నోరు తెరిస్తే సాయంత్రం దాకా పుషప్స్ తీయాల్సిందే.

కొత్తపలక గారూ, నేను ఈ పనిలో పందొమ్మిదేళ్లు చేసి రిటైరయ్యాను. రెండు దేశాల్లో, మూడు కేంద్రాల్లో. నాకు తెలిసిన సంగతులు చెబుతాను. ఇందులో కొన్ని మీ ఇన్‌ఛార్జికి నచ్చవు.

ముందు ఆ "యస్ సర్" సంగతి చూద్దాం. దాన్ని మీరు జవాబు అనుకుంటున్నారు. అది సెల్యూట్ లాంటిది. "మీరు మాట్లాడారు, నేను గమనించాను, మీకు గౌరవం ఇస్తున్నాను" అని మాత్రమే దానికి అర్థం. సైన్యంలో చేరిన మొదటి రోజు నుంచీ వాళ్లకు నేర్పింది అదే. మీరు అడిగే ప్రశ్న తప్పు కాబట్టి వాళ్ల జవాబూ తప్పే వస్తోంది. "అర్థమైందా?" అని అడగడం ఇవాళ్టి నుంచి మానెయ్యండి. నేను బోర్డు పక్కన ఒక డబ్బా పెట్టి, నా నోటి నుంచి ఆ మాట వచ్చినప్పుడల్లా నేనే అందులో ఒక నాణెం వేసేదాన్ని. మొదటి నెలలో డబ్బా నిండిపోయింది. దాని బదులు "ముందు ఏం చేస్తావు? తరవాత?" అని అడగండి. పైలట్ల భాషలో దీన్నే రీడ్‌బ్యాక్ అంటారు. విన్నదాన్ని తిరిగి అప్పజెప్పడం. కంట్రోలరు చెప్పిన ఎత్తు, దిశ, రన్‌వే నంబరు పైలట్ తిరిగి చెప్పాలి, కంట్రోలరు అది సరిగా ఉందో లేదో వినాలి. మీ మెయింటెనెన్స్ కుర్రాళ్లకూ, సప్లై సార్జెంటుకూ కూడా ఇదే పద్ధతి పెట్టండి.

రెండోది ర్యాంకు. మీ గదిలో మేజరూ సార్జెంటూ పక్కపక్కన కూర్చున్నారు కదా. సార్జెంటుకు జవాబు తెలిసినా మేజర్ కంటే ముందు చెప్పడు. మేజర్‌కు తెలియకపోయినా సార్జెంటు ముందు అడగడు. ఇద్దరూ నోరు మూసుకుంటారు, మీరేమో క్లాసు క్రమశిక్షణగా ఉందని మురిసిపోతారు. నేనూ అలాగే మురిసిపోయాను, రెండేళ్లు! ఆ తరవాత మాట్లాడించే పనులకు మాత్రం ఒకే ర్యాంకు వాళ్లను జతలు చేయడం మొదలుపెట్టాను. మేజర్‌కు జత లేకపోతే నేనే జత.

ఇప్పుడు నాకు బాగా పనికొచ్చిన కిటుకు. ప్రతి క్లాసులో ఒక్క తప్పుడు ఆదేశం ఇవ్వండి. ముందే చెప్పకుండా. మొదటిసారి నేనేం చేశానంటే, 180 పేజీల పుస్తకం చేతికిచ్చి "240వ పేజీ తీయండి, మూడో పేరా చదవండి" అన్నాను. పద్దెనిమిది మంది, మీసాలున్న పెద్దమనుషులు, లేని పేజీ కోసం నాలుగు నిమిషాలు వెతికారు. ఒకాయన చివరి పేజీ తీసి మూడో పేరా చదవడం మొదలుపెట్టాడు కూడా! ఒక్కరు కూడా "మేడం, ఇందులో 240 లేదు" అనలేదు. నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది. ఎందుకంటే వాళ్లలో ఆరుగురు తరవాత విమానాల ఇంజిన్ల మీద చేతులు పెట్టబోయేవాళ్లు. రోజుకొకటి చొప్పున ఇలాంటివి ఇచ్చాను. తప్పు పట్టుకుని లేచి చెప్పినవాడికి ఆ రోజు హోంవర్క్ లేదు. మూడో వారానికి నేను నోరు తెరిస్తే చాలు, అనుమానంగా చూడ్డం మొదలుపెట్టారు. నాకు కావలసిందీ అదే.

"అర్థం కాలేదు" అని చెప్పడానికి కూడా వాళ్ల దగ్గర ఒక్క వాక్యమే ఉంటుంది, అది కూడా క్షమాపణ అడిగినట్టు ఉంటుంది. దాన్ని ముక్కలు చేసి నేర్పండి. వినపడలేదా, మాట తెలియదా, మాటలు తెలిసినా ఏం చేయాలో తెలియలేదా? మూడింటికీ మూడు వేరు వేరు వాక్యాలు. వినపడకపోతే "సే అగైన్". ఇక్కడ ఒక హెచ్చరిక. "రిపీట్" అని నేర్పకండి. ఫిరంగి దళాల రేడియో భాషలో "రిపీట్" అంటే అదే చోట మళ్లీ కాల్చమని. నేను కాలేజీ నుంచి వచ్చినదాన్ని కాబట్టి మొదటి ఏడాది అంతా "ప్లీజ్ రిపీట్" అని ముద్దుగా నేర్పాను. ఒక గన్నర్ కెప్టెన్ క్లాసయ్యాక వచ్చి చెవిలో చెప్పాడు. అలాగే "రోజర్" అంటే అందింది అని మాత్రమే, "విల్కో" అంటే అందింది, చేస్తాను అని. మనవాళ్లు రెండింటికీ రోజర్ కొట్టేస్తారు.

అంకెలు. దీని మీద ఎంత చెప్పినా తక్కువే. తరగతిలో అంకెలు ఒకటో పుస్తకంలో అయిపోతాయి, బయట మాత్రం చివరి రోజు దాకా కొడతాయి. రేడియోలో మూడును "ట్రీ" అని, ఐదును "ఫైఫ్" అని, తొమ్మిదిని "నైనర్" అని పలుకుతారు. పొరబాటు పడకుండా కావాలనే అలా పెట్టారు. మీ పైలట్లకు ఇంకో చిక్కు ఉంది. విమానంలో ఎత్తు చూపే మీటరును కంట్రోలరు చెప్పిన గాలి పీడనాన్ని బట్టి సరిచేసుకోవాలి. ప్రపంచంలో చాలాచోట్ల ఆ పీడనం హెక్టోపాస్కల్స్‌లో చెబుతారు, మామూలుగా 1013 దగ్గర ఉంటుంది. అమెరికాలో పాదరసం అంగుళాల్లో చెబుతారు, 29.92 అని. ఇప్పుడు "నైనర్ నైనర్ టూ" అని చివరి మూడు అంకెలే చెవిన పడ్డాయనుకోండి. అది 992 హెక్టోపాస్కల్సా, 29.92 అంగుళాలా? ఒకదాని బదులు ఇంకోటి పెడితే మీటరు చూపే ఎత్తులో తేడా దాదాపు 600 అడుగులు. కొండ పక్కన దిగుతున్నవాడికి 600 అడుగులంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. నేను రోజూ క్లాసు మొదట్లో పది నిమిషాలు అంకెలే చదివేదాన్ని. టైపు చేసిన కాగితం, స్పీకర్‌లో వాన చప్పుడు, పక్కన ఎవరో మాట్లాడుతున్న చప్పుడు. ల్యాబ్‌లో హెడ్‌ఫోన్‌లో వినే శుభ్రమైన ఇంగ్లీషు రన్‌వే మీద ఎక్కడా ఉండదు.

మెయింటెనెన్స్ వాళ్లకు వేరే వ్యాకరణం కావాలి. వాళ్ల మాన్యువల్స్‌లో "షల్" అంటే చేసి తీరాలి. "షుడ్" అంటే చేస్తే మంచిది. "మే" అంటే నీ ఇష్టం. మనం కాలేజీలో "షల్" అంటే "ఐ, వుయ్ పక్కన వచ్చే విల్" అని చెప్పాం కదా, అది మరిచిపోండి. "వార్నింగ్" అని ఉంటే మనిషికి ప్రమాదం, "కాషన్" అని ఉంటే సామానుకు ప్రమాదం, "నోట్" అంటే గుర్తుపెట్టుకో అని. నిఘంటువులో చూస్తే మొదటి రెండింటికీ ఒకటే అర్థం రాసి ఉంటుంది, "హెచ్చరిక" అని. అక్కడే దెబ్బతింటారు. ఇంకా "అన్‌టిల్", "అన్‌లెస్", "ప్రయర్ టు". ఈ మూడు మాటల మీద వారం రోజులు కూర్చోండి, నష్టం లేదు.

నేను ప్రతి పైలట్ బ్యాచ్‌కూ చెప్పే కథ ఒకటుంది, మీ ఇద్దరికీ చెప్పండి. 1990 జనవరి 25న కొలంబియా నుంచి న్యూయార్క్ వస్తున్న ఏవియాంకా 52 విమానాన్ని గంటకు పైగా గాల్లోనే తిప్పారు. ఇంధనం అయిపోతోంది. సిబ్బంది తమకు ప్రాధాన్యం కావాలన్నారు, ఇంధనం తగ్గిపోతోందన్నారు. ఎమర్జెన్సీ అనే మాట మాత్రం అనలేదు. కంట్రోలర్లకు ఆ తీవ్రత అందలేదు. విమానం కూలి 158 మందిలో 73 మంది చనిపోయారు. రేడియోలో మాట్లాడిన కో-పైలట్‌కు ఇంగ్లీషు రాదా? వచ్చు. మర్యాదగా మాట్లాడాడు. ఈ కథ చెప్పాక నేను ఏమీ వివరించను. ఒక్కొక్కరి చేత లేచి నిలబడి, ప్రాణాపాయంలో ఉన్నామని రేడియోలో చెప్పే "మేడే" అని మూడుసార్లు గట్టిగా అనిపిస్తాను. సిగ్గుపడతారు. నాలుగో రోజుకు సిగ్గు పోతుంది.

ఇక మీ ఇన్‌ఛార్జి. ఆయనతో వాదన పెట్టుకోకండి, గెలవలేరు. ఈసీఎల్‌లో ఉండేది వినడం, చదవడం. అందులో 85 తెచ్చుకోవడానికి నోరు తెరవాల్సిన పనే లేదు. ఆయనకు కావలసింది అంకె కాబట్టి మీరు ఇంకో అంకె చూపించండి. నాటో దేశాలు స్టానాగ్ 6001 అని ఒక పద్ధతి వాడతాయి. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం, ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు దాకా ఒక్కో స్థాయి. ఒక మనిషికి నాలుగు అంకెలు. అధికారికంగా కాకపోయినా మీ క్లాసు వరకు అలాంటి పట్టిక వేసుకోండి. 3-1-3-1 అని కనిపిస్తే ఆ మనిషి ఎక్కడ మూగబోతాడో మీ ఇన్‌ఛార్జికి కూడా చూడగానే అర్థమవుతుంది. కొన్ని కోర్సులకు ఈసీఎల్‌తో పాటు మౌఖిక ఇంటర్వ్యూ కూడా అడుగుతారు. మీ జాబితాలో ఎవరికి ఉందో కనుక్కుని ఆ పేరు మీదే ఆయన్ను భయపెట్టండి.

నమూనా పరీక్షలు నెలకు రెండు చాలు. రోజూ పెడితే వాళ్లు పరీక్షే నేర్చుకుంటారు.

ఉస్తాద్_దెబ్బలు:

పాతచాక్‌పీసు మేడంకు నమస్కారం. నేను అటువైపు మనిషిని. అంటే పంపేవైపు కాదు, తీసుకునేవైపు. మన అకాడమీల్లో ఇన్‌స్ట్రక్టర్‌గా ఉన్న రోజుల్లో స్నేహ దేశాల క్యాడెట్లు నా చేతికింద శిక్షణ పొందారు. 1964లో ఐటెక్ కార్యక్రమం (స్నేహ దేశాల వాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే శిక్షణ) మొదలైనప్పటి నుంచీ ఇలా ఎన్నో దేశాల వాళ్లు మన దగ్గరికి వస్తున్నారు.

వాళ్ల దేశాల్లో మేడం లాంటి టీచర్లు కష్టపడి ఇంగ్లీషు నేర్పి పంపేవారు. పాపం, వాడు మొదటిరోజు తెల్లవారుజామున డ్రిల్ మైదానంలోకి రాగానే ఉస్తాద్ అరిచేది "సావధాన్! విశ్రామ్! దాహినే ముడ్!" అని. హిందీలో. ఆర్నెల్లు నేర్చుకున్న ఇంగ్లీషు ఆ గంటన్నర ఎందుకూ పనికిరాదు. పక్కవాడు ఎటు తిరిగితే అటు తిరగడమే. సగం సెకను ఆలస్యం. ఆ సగం సెకనుకే శిక్ష. కాబట్టి నా మొదటి సలహా: వెళ్లే చోట క్లాసురూములో ఏ భాష నడుస్తుందో తెలుసుకుంటే చాలదు. మైదానంలో, వర్క్‌షాపులో, బ్యారక్‌లో ఏం నడుస్తుందో కనుక్కోండి. మీ కేంద్రంలోనే ఆ కోర్సులు చేసొచ్చినవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. వాళ్లను ఒక పూట పిలిపించి, అక్కడ వినిపించే ఒక యాభై మాటలు రాయించుకోండి.

ఒక విషయంలో మేడంతో నాకు పేచీ ఉంది. ఎప్పుడూ అడగమని నేర్పడం ప్రమాదం. ఫైరింగ్ రేంజ్ మీద, డ్రిల్‌లో, ఆదేశం వచ్చిన క్షణంలో చెయ్యెత్తి "సే అగైన్" అన్న క్యాడెట్టును మా దగ్గర ఏం చేసేవారో చెప్పను. అడగడానికి ఒక చోటు ఉంటుంది, ఒక వేళ ఉంటుంది. బ్రీఫింగ్ చివర్లో అడగాలి, ఉస్తాద్ ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి, రాత్రి రూమ్మేట్‌ను అడగాలి. అది నేర్పకుండా నోరు తెరవమని మాత్రమే నేర్పితే మొదటి వారంలోనే పొగరుబోతు అని పేరు పడుతుంది.

ఇంకోటి. వీళ్లు భాష ఒక్కటే మోసుకొస్తారని అనుకోకండి. 2021 ఆగస్టులో కాబూల్ కూలిపోయినప్పుడు మన అకాడమీల్లో అఫ్గాన్ క్యాడెట్లు ఉన్నారు. ఏ సైన్యం కోసం శిక్షణ తీసుకుంటున్నారో ఆ సైన్యమే లేకుండా పోయింది. ఆ తరవాత 80 మంది క్యాడెట్లకు మన దేశంలోనే ఏడాది ఇంగ్లీషు కోర్సు ఏర్పాటు చేశారు. అలాంటి కుర్రాడు మీ క్లాసులో వెనక కూర్చుని నోరు విప్పకపోతే అది వ్యాకరణం సమస్య కాకపోవచ్చు.

పాతచాక్‌పీసు:

ఉస్తాద్ గారూ, ఫైరింగ్ రేంజ్ మీద మీతో ఏకీభవించను. ఆదేశం అర్థం కానివాడు చేతిలో తుపాకీతో "యస్ సర్" అనడం కంటే పొగరుబోతు అనిపించుకోవడమే మేలు. రేంజ్ మీద ఎవరికి ప్రమాదం కనిపించినా "సీజ్ ఫైర్" అని అరవొచ్చు కదా, ర్యాంకుతో పని లేకుండా. మీకు తెలియని సంగతి కాదు. డ్రిల్ విషయంలో మాత్రం మీరే కరెక్టు, నాకు ఆ మైదానం తెలియదు. రూమ్మేట్‌ను అడగమన్నది కూడా చాలా మంచి మాట. నేను దాన్ని ఎప్పుడూ క్లాసులో పెట్టలేదు. పెట్టాల్సింది.

ఉస్తాద్_దెబ్బలు:

సీజ్ ఫైర్ మాట నిజమే మేడం. ఒప్పుకుంటున్నా. కానీ ఒకరిద్దరు సీజ్ ఫైర్‌ను పుస్తకంలో చదివిన ఉచ్చారణతో మెల్లగా అన్నారు, ఎవరికీ వినపడలేదు. గొంతు కూడా నేర్పండి.

స్టాఫ్‌కాలేజీ_బాధితుడు:

కొత్తపలక గారూ, మీ మేజర్ గురించి మాత్రమే చెబుతాను. నేను కాన్సాస్‌లోని ఫోర్ట్ లెవెన్‌వర్త్‌లో కమాండ్ అండ్ జనరల్ స్టాఫ్ కాలేజీ చేశాను. అక్కడికి 1894 నుంచి విదేశీ ఆఫీసర్లు వెళ్తున్నారు, కాబట్టి వాళ్లకు మన అవస్థలు కొత్త కాదు. మనల్ని అమెరికన్ల కంటే ముందే పిలిపించి కొన్ని వారాలు సిద్ధం చేస్తారు. అయినా నేను మునిగిపోయాను. ఇంగ్లీషు మీడియంలో చదివినవాణ్ణే!

మొదటి దెబ్బ చదువు. రాత్రికి చదవాల్సింది చూస్తే కళ్లు తిరుగుతాయి. మొదటి పేజీ నుంచి ప్రతి పదం చదివేవాడు అర్ధరాత్రికి సగం కూడా పూర్తి చేయలేడు. మీ మేజర్‌కు వేగంగా తిరగేయడం నేర్పండి. శీర్షికలు, ప్రతి పేరాలో మొదటి వాక్యం, చివరి పేజీ. రెండో దెబ్బ చర్చ. పదిహేను పదహారు మంది ఒక గదిలో కూర్చుని ఒకరి మాట ఒకరు నరుకుతూ మాట్లాడతారు. చెయ్యెత్తి వంతు కోసం ఎదురుచూసేవాడు ఏడాదంతా ఎదురుచూస్తూనే ఉంటాడు. మన కంటే చిన్నవాడు మన ముందే "మీతో ఏకీభవించను" అంటాడు, సాయంత్రం నవ్వుతూ భుజం తడతాడు. నాకు మొదటి నెల అవమానంగా అనిపించింది. మాట మధ్యలో దూరడానికి నాలుగు వాక్యాలు కంఠస్థం చేయించండి, ఉపకారం చేసినవాళ్లవుతారు.

మూడో దెబ్బ రాత. నేను ఏ వ్యాసం రాసినా చరిత్రతో మొదలుపెట్టి, నేపథ్యం చెప్పి, చివర్లో మెల్లగా విషయానికి వచ్చేవాణ్ణి. మనకు అదే పద్ధతి. వాళ్లకు అసలు మాట మొదటి వాక్యంలో ఉండాలి. బ్లఫ్ అంటారు, అంటే బాటమ్ లైన్ అప్ ఫ్రంట్. నా మొదటి పేపరు మీద ఇన్‌స్ట్రక్టర్ నాలుగో పేజీలో ఒక వాక్యానికి సున్నా చుట్టి, బాణం గుర్తు గీసి మొదటి పేజీ పైకి తీసుకెళ్లాడు. అంతకు మించి ఏమీ రాయలేదు. ఇక ఇంకొకరి వాక్యాలు పేరు చెప్పకుండా వాడుకుంటే అది దొంగతనం కింద లెక్క, మెరుగైన పరిజ్ఞానం కింద కాదు. మాలో ఒకాయనకు ఇది తెలియక ప్రాణం మీదికి వచ్చింది.

కాగితాల_కోటి:

అందరూ భాష గురించే చెప్పారు. నేను ఆఫీసు మనిషిని, కాగితాల గురించి రెండు ముక్కలు.

అమెరికా వెళ్లేవాళ్లకు ఇన్విటేషనల్ ట్రావెల్ ఆర్డర్ ఇస్తారు, డీడీ ఫారం 2285. విద్యార్థి దాన్ని పాస్‌పోర్టులో పెట్టుకుని విమానం ఎక్కేస్తాడు, చదవడు. భార్యాపిల్లల్ని తీసుకెళ్లొచ్చా, భత్యం ఎవరిస్తారు, వైద్యం ఖర్చు ఎవరిది, సెలవు ఎంత, ఏ కోర్సు తరవాత ఏ కోర్సు, అన్నీ అందులోనే ఉంటాయి. కుటుంబానికి అనుమతి లేదని రాసి ఉన్నా టికెట్లు కొన్నవాళ్లను చూశాను. మీరు దాన్నే రీడింగ్ పాఠంగా పెట్టండి, పేరు చెరిపేసి. 2019 డిసెంబరులో పెన్సకోలా నావికాదళ స్థావరంలో ఒక విదేశీ ట్రైనీ ముగ్గుర్ని కాల్చి చంపాక నియమాలు బిగించారు. సొంత తుపాకీ పెట్టుకోవడం నిషేధం. అక్కడ ఎవరో అమ్ముతున్నారు కదా అని కొనకూడదని ముందే చెప్పండి.

తేదీలు కూడా. అమెరికాలో బయట నెల ముందు రాస్తారు, అక్కడి సైన్యం రోజు ముందు రాస్తుంది. 05/03 అంటే మార్చి ఐదా, మే మూడా అని అడగడం నేర్పండి.

కొత్తపలక:

అందరికీ చాలా చాలా థాంక్స్. ఆలస్యంగా రాస్తున్నాను, మూడు వారాలు ప్రయత్నించాక చెబుదామని ఆగాను.

240వ పేజీ పెట్టాను మేడం. మా పుస్తకం 150 పేజీలే. మీ వాళ్లు నాలుగు నిమిషాలు వెతికారన్నారు, మా వాళ్లు ఆరు! మేజర్ గారైతే పక్కవాడి పుస్తకం తీసుకుని అందులో కూడా చూశాడు. తనది తప్పు ముద్రణ అనుకున్నాడట. రెండో వారంలో నలభై దాటిన ఆ సార్జెంటే మొదట నోరు విప్పాడు. "సర్, దిస్ రూమ్ హ్యాజ్ నో సెకండ్ డోర్" అన్నాడు, రెండో తలుపు మూయమని నేనన్నప్పుడు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఆ రోజు నుంచి ఆయన్ను ఆపడం కష్టంగా ఉంది.

జతల విషయంలో చిన్న మార్పు చేశాను. స్టాఫ్‌కాలేజీ గారి సలహాతో మేజర్‌ను పైలట్ కుర్రాళ్లిద్దరితో కలిపి కూర్చోబెట్టి, వాళ్లను ఆయన మాటకు అడ్డం తగలమన్నాను. మొదటి రోజు ఆయన ముఖం ఎర్రబడింది. ఇప్పుడు ఆయనే వాళ్లకు అడ్డం తగులుతున్నాడు.

చెడు వార్త ఏమిటంటే, నమూనా పరీక్షలో క్లాసు సగటు రెండు మార్కులు తగ్గింది. ఇన్‌ఛార్జి నిన్న స్వయంగా క్లాసుకు వచ్చాడు. నన్ను పక్కన నిలబెట్టి, అసలు పరీక్ష ఆదివారం 1400 గంటలకు, తొమ్మిదో నంబరు గదిలో అని ప్రకటించాడు. "అండర్‌స్టాండ్?" అన్నాడు. అలవాటుగా "యస్ సర్" వస్తుందనుకున్నాను. సార్జెంటు లేచి "సే అగైన్, సర్. రూమ్ నైన్ ఆర్ రూమ్ ఫైవ్?" అన్నాడు. వెనకనుంచి పైలట్ కుర్రాడు "సర్, సండే ఈజ్ హాలిడే" అన్నాడు. ఇన్‌ఛార్జి నావైపు చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు.

పాతచాక్‌పీసు:

రెండు మార్కులు పోతే పోనీ, నెలలో వస్తాయి. గది సంగతి తేలిందా?

కొత్తపలక:

తేలింది మేడం. జేబులోంచి కాగితం తీసి చూసుకున్నాడు. సోమవారం, ఐదో నంబరు గది.